రెండు దుకాణాలకు ఒకటే నంబర్

మొయినాబాద్ దుకాణంలో తాళంచెవి తగిలించనీకె గోడకు కొట్టిన మొల నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నదో నేను చూడకుండ చెప్పగల. చేవెళ్ల దుకాణంలో ఎంత ఎత్తున ఉన్నదో అక్కడా అంతే. దారంతో కొలిచి, ఆ దారాన్ని కొంగుకు ముడేసుకొని బస్సులో తీసుకపోయింది నేనే.

మా ఇంట్లో అది పద్ధతి. మాది విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే ఇల్లు. ఇంటి పేరు మీద రెండో దుకాణం పెడితే అది మొదటి దుకాణం అచ్చు దిగాలని మా అత్తగారు చెప్పేది. గద్దె తూర్పుముఖం. ఎడమచేతి దిక్కు విత్తనాల పొట్లాలు, కుడిచేతి దిక్కు మందు సీసాలు, నడుమ తూకం వేసే తరాజు. చేవెళ్లలో పనిచేసే గుమాస్తా మొయినాబాద్ పోయి కరెంటు లేనప్పుడు చెయ్యి చాపినా అదే వస్తువు చేతికి రావాలె. ఈ పద్ధతికి ఇంకో అర్థం కూడ ఉన్నది. దాన్ని ఎవరూ పైకి అనరు. రెండు చోట్ల ఒకటే తీరుగ ఉన్నంతకాలం ఇల్లు వేరుపడలేదని లెక్క.

చేవెళ్ల దుకాణం నడిపేది నా మరిది. మా ఆయన పోయినప్పటి నుంచి లైసెన్సులు, కరెంటు మీటరు, ఫోను అన్నీ ఆయన పేరు మీదనే ఉన్నయి. లెక్కలు నేను చూస్త. తేదీ వెయ్యని కాగితం నా చేతికి ఇస్తే తిప్పి పంపిస్త, అది మరిది ఇచ్చినా సరే. నా కొడుకుకు గద్దె మీద కూసునుడు రాదు. సరుకు బండి వేసుకొని ఊర్లు తిరుగుతడు. అందుకని మొయినాబాద్‌లో దుకాణం పెట్టినప్పుడు అక్కడ కూసున్నది నా కోడలు.

మొల ఎత్తు ఒకటే గని సరుకు ఒకటి కాకుండ పోయింది. చేవెళ్ల దిక్కు పత్తి, మక్కజొన్న ఎక్కువ. మొయినాబాద్ చుట్టుపక్కల పూలతోటలు ఎక్కువ. కోడలు రైతులను అడిగి బంతి, చేమంతి విత్తనాలు తెప్పించింది. ఫాంహౌసుల తోటమాలులు వచ్చి గడ్డి విత్తనం అడిగితే అది కూడ పెట్టింది. మూడేండ్లలో ఆ దుకాణానికి తనవంటూ గిరాకీలు తయారైనయి. వాళ్లు నన్ను చూస్తే ‘సేటమ్మ లేదా’ అని అడుగుతరు, నేను గద్దె మీద కూసోని ఉన్నా సరే.

కష్టమంతా పత్తి, మక్క దగ్గర వచ్చేది. వాటి గోదాం చేవెళ్లలో ఉన్నది. మొయినాబాద్‌కు వచ్చిన రైతు ఫలానా రకం ఉన్నదా అంటే కోడలు చేవెళ్లకు ఫోన్ చెయ్యాలె. రెండు చోట్ల కంప్యూటర్లు ఉన్నయి గని దేని సరుకు దానికే తెలుసు. సీజన్లో చేవెళ్ల ఫోన్ ఎత్తే తీరిక మరిదికి ఉండది. రైతు ఎదురుచూడడు. అట్ల పోయిన గిరాకీ అంతా మొయినాబాద్ నష్టం కింద కనపడేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మరిది నా ముందర కూసోని చెప్పిండు.

‘వదినా, ప్లాట్లు అమ్మే ఆయన ఒకడు మొయినాబాద్ దుకాణం కిరాయికి అడుగుతున్నడు. రోడ్డు మీద ఉన్నది, ఆయనకు ఆఫీసు కావాలెనంట.’

‘నువ్వేమన్నవు?’

‘మృగశిర దాక ఆగుమన్న. రెండు దుకాణాల సరుకు ఒక్క తెర మీద కనపడాలె, అక్కడ బిల్లు కొడితే ఇక్కడ తగ్గాలె. అట్లయితే నడుపుదాం. కాకుంటే కిరాయికి ఇచ్చుడే. కోడలు చేవెళ్లకు వచ్చి పొట్లాలు కడుతది.’

మృగశిర కార్తె అంటే మాకు విత్తనం అమ్మే కాలం. అప్పటికి కాకపోతే మళ్ల ఏడాది దాక చూసేది ఏమీ ఉండదు. నేను కోడలుకు ఉన్నదున్నట్టు చెప్పిన. తాను బంతి విత్తనాలు తూకం వేస్తున్నది. తరాజు ముల్లు నిలబడినంక చెప్పింది.

‘పొట్లాలు కట్టుడు నాకు వచ్చు అత్తమ్మా. దుకాణం నడుపుడు గూడ వచ్చు. నేను రెండోదే చేస్త.’

‘అయితే రెండు దుకాణాలను కలిపే లైన్ పెట్టిద్దాం పా.’

లైన్ కంపెనీ వాళ్లు వచ్చిండ్రు. వాళ్లు ఇచ్చేదాన్ని వీపీఎన్ అంటరు. ఊరందరి ఇంటర్నెట్‌తో కలవకుండ మా రెండు దుకాణాలకు మాత్రమే ఉండే దారి అన్నట్టు. రెండు చోట్ల వాళ్ల డబ్బా ఒకటి గోడకు బిగించి, దాని పక్కన మేము కొన్న రూటర్ పెట్టించిండ్రు. డబ్బాకు అవతల అంతా వాళ్ల పూచీ, ఇవతల మా పూచీ అని చెప్పి పోయిండ్రు. వాళ్ల కాగితంలో మా రూటర్‌కు కస్టమర్ ఎడ్జ్ అని ఏదో పేరు రాసి ఉన్నది. చేవెళ్ల బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఆయన, మాకు ఎప్పుడూ పని చేసిపెట్టే ఆయన, దాన్ని చూసి ‘గడప రూటర్ అనుకో అమ్మా’ అన్నడు. ఆ మాట నాకు పట్టుకున్నది.

గడప రూటర్ చేసే పని రెండు మాటల్లో చెప్పొచ్చు. ఈ ఇంట్లో ఫలానా ఫలానా నంబర్ల మిషన్లు ఉన్నయని లైన్ కంపెనీ రూటర్‌కు చెప్పాలె. అవతలి దుకాణంలో ఏ నంబర్లు ఉన్నయో దాన్ని అడిగి తెలుసుకోవాలె. లైన్ కంపెనీ ఈ కబుర్లు అటిటు మోస్తది. ఈ చెప్పుకొనుడు సరిగ్గ జరిగితేనే దారి తెరుచుకుంటది. తీగ ఎంత మంచిదైనా కబురు అందకుంటే లాభం లేదు.

కంప్యూటరాయన చేవెళ్ల రూటర్‌లో నంబర్లన్నీ వేసిండు. మొయినాబాద్ రూటర్‌లో ఏం వెయ్యాలెనని మరిదిని అడిగిండు.

‘అది గూడ అడుగుడేనా? చేవెళ్లల ఎట్లున్నదో అట్ల. ఒక్క అంకె తేడా రావద్దు.’

కంప్యూటరాయన ఏదో అనబోయిండు. మరిది వినలేదు. లైన్ కంపెనీకి ఇచ్చిన దరఖాస్తులో కూడ రెండు దుకాణాలకు అన్నీ ఒకటే రాసి ఇచ్చిండని మాకు తర్వాత తెలిసింది.

రెండు రూటర్ల దీపాలు వెలిగినయి. మొయినాబాద్‌లో కోడలు చేవెళ్ల పెద్ద కంప్యూటర్ నంబర్ కొట్టింది. తెర మీద మా దుకాణం పేరు, దాని కింద సరుకు జాబితా వచ్చింది. తాను ఫోన్‌లో ‘వచ్చింది’ అనంగనే మరిది గుమాస్తాను పంపి మిఠాయి తెప్పించిండు. నేను మిఠాయి పక్కన పెట్టి, సరుకు పేర్లు చదువుమని కోడలుకు చెప్పిన. వచ్చిందంటే సరిపోదు, నా ముందర చేవెళ్ల తెర మీద ఉన్నదానితో కలవాలె.

‘బంతి ఎర్రది. బంతి పసుపు. చేమంతి...’

‘ఆగు. బంతి ఏడున్నది?’

‘చేవెళ్లల.’

‘నేను చేవెళ్లలనే కూసున్న బిడ్డా. ఇక్కడ బంతి ఎన్నడూ పెట్టలేదు.’

అటు నుంచి మీటలు నొక్కిన చప్పుడు వినపడ్డది.

‘అంటే నేను చూస్తున్నది నా దుకాణమేనా అత్తమ్మా?’

‘అద్దంల చూసుకుంటున్నవు.’

మరిది నోట్లో మిఠాయి ఉన్నది. ఏమయ్యింది, ఏమయ్యింది అని చేతితో అడిగిండు. చెప్పిన. ఆయన మింగి, ‘మరి పైసలిచ్చి తెచ్చినం గదా, తినుండ్రి’ అన్నడు.

మర్నాటి నుంచి నేను పట్టు పట్టిన. ఇది నేను నేర్చుకోవాలె. కంప్యూటరాయనకు వేరే పనులుంటయి, కోడలుకు గిరాకీ ఉంటది, మరిదికి ఓపిక లేదు. నాకు మధ్యాహ్నాలు ఖాళీ. అన్నం తిని, ఆధార్ కార్డు చూపి ఆడోళ్లకు ఇచ్చే జీరో టికెట్ తీసుకొని, పట్నం పోయే బస్సులో మొయినాబాద్‌లో దిగేదాన్ని. కంప్యూటరాయన వచ్చినప్పుడు విత్తనాల డబ్బా అట్ట చింపి ముందర పెట్టి, బొమ్మ గీయమనేదాన్ని. అర్థం కానిది అర్థమయ్యిందని తల ఊపుడు నాకు చేతకాదు. ఆయన ఒకటే బొమ్మ చాలాసార్లు గీసిండు.

‘ఇది చేవెళ్ల, ఇది మొయినాబాద్. చేవెళ్ల పెద్ద కంప్యూటర్ చివరి నంబర్ పది. ఇక్కడి కంప్యూటర్ చివరి నంబర్ గూడ పదే. ముంగటి అంకెలన్నీ గూడ ఒకటే అమ్మా.’

‘అయితే ఈ పిల్ల పదిని పిలిస్తే?’

‘పది నేనే గదా అని ఇదే పలుకుతది. గడప దాటేది లేదు.’

కోడలు అట్ట మీదికి వంగి చూసింది. ‘ఇంట్ల ఉన్నోళ్ల కోసం బస్సెవరు ఎక్కుతరు’ అన్నది.

అంతే సంగతి. ఒక చోట మిషన్ల నంబర్లు మార్చాలె. చేవెళ్లలో మిషన్లు ఎక్కువ, మొయినాబాద్‌లో కంప్యూటరు, బిల్లు మిషను, కెమెరా మాత్రమే. మొయినాబాద్‌వే మారుద్దామన్న. కోడలు మూతి ముడిచింది.

‘ఎప్పుడు మారేది మేమేనా? ఈ ఇంటికి వచ్చినప్పుడు ఇంటిపేరు మార్చుకుంటి. ఇప్పుడు నంబర్ గూడనా?’

‘ఇంటిపేరు మారిస్తే ఏం తక్కువైంది నీకు?’

‘బ్యాంకుల సంతకం కలుస్తలేదు అత్తమ్మా, ఇప్పటికి గూడ.’

కంప్యూటరాయన నవ్వాపుకోలేక అట్ట కింద పెట్టిండు. మూడు మిషన్ల నంబర్లూ ఆ మధ్యాహ్నమే మార్చినం. బిల్లు మిషన్ అలిగి, కరెంటు తీసి మళ్ల పెట్టేదాక కాగితం వదలలేదు. మరిదికి చెప్పలేదు. లోపలి మిషన్ల సంగతి, చెప్పేంతది కాదని అనుకున్నం.

నంబర్లు మారినా దారి తెరుచుకోలేదు. ఈసారి తెర మీద బంతి కూడ రాలేదు, ఏదీ రాలేదు. ఇదివరకు అద్దమన్నా ఉండె, ఇప్పుడు అదీ పోయింది. కంప్యూటరాయన తల గోక్కొని లైన్ కంపెనీకి ఫోన్ చెయ్యుమన్నడు.

ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి గొంతు చిన్నపిల్ల గొంతు లెక్క ఉన్నది గని ఓపిక మనిషి. నేను మొదటి నుంచి వరసగ చెప్పిన. అడ్డు రాకుండ విన్నది. తన దగ్గర చూసి చెప్పింది.

‘అమ్మా, మొయినాబాద్ రూటర్ తన దగ్గర ఏ నంబర్లున్నయో మాకు సరిగ్గనే చెప్పింది. మేం ఆ కబురు చేవెళ్ల రూటర్‌కు పంపుతున్నం. అది తీసుకుంటలేదు. చేవెళ్ల కబురు మొయినాబాద్‌కు పంపితే అదీ తీసుకుంటలేదు.’

‘ఎందుకు తీసుకుంటలేదు?’

‘ప్రతి గడప రూటర్‌కు ఒక గుర్తు నంబర్ ఉంటది. మిషన్ల నంబర్ కాదు, అది వేరే. తాను చెప్పే కబురు మీద ఆ గుర్తు వేసి పంపుతది. మీ రెండింటికీ గుర్తు ఒకటే. కబురు మీద తన గుర్తే కనపడితే, ఇది నేను చెప్పిన మాటనే, తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చిందనుకొని పారేస్తది.’

‘ఎందుకట్ల?’

‘లేకుంటే ఒకటే కబురు గుండ్రంగ తిరుగుతనే ఉంటది అమ్మా. అందుకని పెట్టిన కాపలా.’

నాకు సంబంధాల ముచ్చట యాదికొచ్చింది.

‘సంబంధం అడగనీకె వచ్చినోళ్లు మన గోత్రమే చెప్తే మజ్జిగ ఇచ్చి పంపిస్తం. మంచోళ్లు కాదని గాదు. గోత్రం ఒకటే అని. అట్లనా?’

ఆ అమ్మాయి నవ్వింది. ‘అట్లనే అనుకోండమ్మా. మాకు ఇట్ల చెప్పి ఉంటే నేను గూడ జల్ది నేర్చుకుందును.’

‘మరి మొయినాబాద్‌కు వేరే గుర్తు ఇయ్యి.’

‘ఇస్తం. మా దిక్కు మేం మార్చాలె, మీ దిక్కు మీరు మార్చాలె, రెండూ కలవాలె. కాని ఒకటే గుర్తు కావాలెనని దరఖాస్తుల రాసి ఇచ్చిండ్రు. మార్చాలెనంటే లైన్ ఎవరి పేరు మీద ఉన్నదో వారే, వారి ఫోన్ నుంచి చెప్పాలె.’

కాపలా సడలించి తన గుర్తున్న కబురును కూడ తీసుకొమ్మని రూటర్‌కు చెప్పే వీలు ఉంటదని కంప్యూటరాయన అన్నడు గని మేము కొన్న రూటర్‌లో అది లేదు. ఉన్నదొక్కటే దారి. మరిది నోరు తెరవాలె.

మర్నాడు చేవెళ్లలో మరిది చాయ్ తాగుతున్నప్పుడు సంగతి అంతా చెప్పిన. గుర్తు నంబర్ అనే దాక విన్నడు. వేరే అనే మాట రాంగనే కప్పు కింద పెట్టిండు.

‘వదినా, మా పెద్దనాయనలు వేరుపడ్డది నువ్వు చూడలే. నువ్వు ఈ ఇంటికి రాకముందు ముచ్చట. మొదలు మాకు వేరే తరాజు కావాలెనన్నరు. తర్వాత వేరే గల్లాపెట్టె. తర్వాత నడుమ గోడ. నేను ఆ గోడ ఇటుకలు మోసిన. వేరే నంబర్ కావాలెనని నా నోటితోని నేను అడగ.’

‘మరి ఎవరి నోటితోని అడగాలె?’

‘ఎవరూ అడగొద్దు.’

‘నీ బిడ్డకు సంబంధాలు చూసినప్పుడు ముందుగాల ఏం అడిగినవు?’

‘గోత్రం.’

‘మనదే అన్నోళ్లను ఏం చేసినవు?’

‘పంపించిన. ఎవరైనా పంపిస్తరు.’

‘చేవెళ్ల రూటర్ గూడ అదే చేస్తున్నది. దాని తప్పేమున్నది?’

ఆయన ఆలోచించి, ‘వీటికేం పెండ్లి చేస్తున్నమా వదినా? ఒక్క ఇంటి దుకాణాలు. అన్నదమ్ముల లెక్క’ అన్నడు.

‘అన్నదమ్ములే గావచ్చు. మా అత్త మీ ఇద్దరికి రెండు పేర్లు ఎందుకు పెట్టింది? ఒకటే పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతుండిరి?’

‘ఇద్దరం పలుకకపోతుంటిమి. మా అన్న పలుకుతడు లే అని నేను, నేను పలుకుత లే అని మా అన్న.’

తాను అన్న మాటకు తానే నవ్విండు. నవ్విండు గని ఫోన్ ముట్టలేదు. మృగశిర దగ్గరికి వస్తున్నది. మాటలతో ఈయన కదలడని నాకు తెలిసిపోయింది.

‘ఫోన్ చెయ్యకుంటె చెయ్యకు. రేపు ఒక్క పొద్దు మొయినాబాద్ గద్దె మీద కూసో. ఎంత నష్టమొస్తున్నదో నువ్వే చూసినట్టు ఉంటది.’

అజమాయిషీ చెయ్యుమంటే మరిది కాదనడు. పొద్దున్నే వచ్చి కూసున్నడు. తూర్పుముఖం సరిగ్గ ఉన్నదా అని చూసుకున్నడు, తరాజు తుడిచిండు. కోడలు పక్కన నిలబడి గిరాకీ చూసుకుంటున్నది. నేను స్టూలు మీద కూసున్న.

ఎంకపల్లి నుంచి ఒక రైతు వచ్చిండు. పత్తిలో ఒక రకం పేరు చెప్పి, ఉన్నదా అని అడిగిండు. కోడలు ఫోన్ తీయబోతే మరిది ‘నేను చేస్త’ అని తన ఫోన్ తీసి చేవెళ్ల దుకాణానికి కొట్టిండు. మోగింది. మోగుతనే ఉన్నది.

‘ఎత్తడేంది?’

‘అక్కడ ఫోన్ ఎత్తేది మీరే గదా చిన్నమామా’ అన్నది కోడలు.

గుమాస్తా గోదాంలో ఎరువు బస్తాలు దించుతున్నడంట, తర్వాత తెలిసింది. మరిది మళ్ల కొట్టిండు. రైతు బయటికి చూసిండు. ఆకాశం మబ్బు పట్టి ఉన్నది.

‘సేటూ, మీ ఫోన్ ఎత్తేలోపల నేను దుక్కి గూడ దున్నుకొస్త.’

‘జర ఆగు, ఎత్తుతడు.’

‘మీరు మాట్లాడుకోండ్రి. వాన ఆగది గదా.’

ఆయన మెట్లు దిగి రోడ్డు దాటి ఎదురు దుకాణంలోకి పోయిండు. మేము ముగ్గురం గద్దె దగ్గరి నుంచి చూస్తున్నం. కొంచెంసేపటికి చేతిలో పొట్లాల సంచితో బయటికి వచ్చిండు. మాకు దండం కూడ పెట్టి పోయిండు, మర్యాదస్తుడు.

‘ఆ రకం మన గోదాంల ఉన్నదా?’ అని మరిది అడిగిండు.

‘నాకెట్ల తెలుస్తది చిన్నమామా. అదే గదా లొల్లి.’

వచ్చిందని ఆయనకు తెలుసు, ఇంకా ఎన్ని పొట్లాలు మిగిలినయో తెలువది. బండిలో నుంచి ఆయనే దగ్గరుండి దించుకున్నడు. దాని తేదీ నా దగ్గర ఉన్నది. 

ఇంకో ఇద్దరు వచ్చి పోయిండ్రు. ఒకాయనకు పత్తి లేదు గని కోడలు బంతి అమ్మింది. గిరాకీ సద్దుమణిగినంక మరిది తువ్వాలతో ముఖం తుడుచుకొని నా దిక్కు తిరిగిండు.

‘ఆ లైన్ కంపెనీ పిల్ల నంబర్ ఇయ్యి వదినా.’

ఇచ్చిన. ఫోన్ చేసి పేరు, ఊరు, వాళ్లు అడిగినవన్నీ చెప్పిండు. ఏం కావాలెనని అడిగే దగ్గర ఆగిండు. కోడలు పొట్లాలు సర్దుడు ఆపింది.

‘మా మొయినాబాద్ దుకాణం ఉన్నది గదా... దానిది దానికి నంబర్ ఇయ్యుండ్రి.’

అటు నుంచి ఆ అమ్మాయి ‘వేరే గుర్తు నంబర్ కావాలె, అంతే గదా సార్’ అన్నట్టున్నది.

‘వేరే అనకు బిడ్డా. దానిది దానికి అని రాసుకో.’

రెండు దిక్కులా మార్చే రోజు కంప్యూటరాయనను మొయినాబాద్‌లో కూసోబెట్టి, నేను చేవెళ్ల రూటర్ దగ్గర కూసున్న. లైన్ కంపెనీ వాళ్లు తమ దిక్కు మార్చంగనే మొయినాబాద్ లైన్ పూర్తిగ పోయింది. మా దిక్కు కొత్త గుర్తు వేసేదాక అట్లనే ఉంటదని నాకు ముందే చెప్పి ఉన్నరు. మరిదికి ఎవరూ చెప్పలేదు.

‘ఉన్నది గూడ పోగొట్టిండ్రు’ అన్నడు.

‘అటు నంబర్ మారింది. మన దిక్కు మారేదాక ఒకదాన్నొకటి పోల్చుకోవు. నిలబడు.’

‘నిలబడే ఉన్న వదినా, కూసోనీకె జాగ ఏడిచ్చినవు? కుర్చీ నీ కిందనే ఉన్నది.’

ఆ ఎండాకాలమంతా బస్సులో తిరిగి నేర్చుకున్నది ఒక్కటి. గడప రూటర్‌లో ఒక జాబితా ఉంటది. ఏ నంబర్లు ఎటు ఉన్నయో అది అందులో రాసుకుంటది. కంప్యూటరాయన నాకు ఆ జాబితా తెరిచే తీరు చూపిండు. ఇన్నాళ్లు అందులో మా దుకాణాలకు సంబంధించిన వరుస ఒక్కటే ఉండె, చేవెళ్లది. నేను తెర తాజా చేస్తున్న, చూస్తున్న. మళ్ల చేస్తున్న. అప్పుడు రెండో వరుస వచ్చింది. మొయినాబాద్ నంబర్, అది లైన్ కంపెనీ మీదుగ వచ్చిందని, దాని కొత్త గుర్తు. అట్ట మీద రాసుకున్నదానితో అంకె అంకె కలిపి చూసిన. కలిసింది.

కోడలుకు ఫోన్ చేసిన. ‘మాది తెరువు.’

‘తెరిచిన.’

‘బంతి ఉన్నదా?’

‘లేదు అత్తమ్మా.’

‘పత్తి?’

తాను రకాలు చదువుకుంట పోయింది. నేను నా తెర మీద వేలు పెట్టుకుంట వచ్చిన. ఒక్కటీ తప్పలేదు. మిఠాయి తెప్పించాలెనా అని గుమాస్తా అడిగిండు. ఇప్పుడే వద్దు, బిల్లు కొట్టి చూడాలెనన్న.

ప్లాట్లాయన మృగశిరకు ముందురోజే వచ్చిండు. మరిది రమ్మన్న గడువు అది. మంచి బట్టలు వేసుకొని, కిరాయి కాగితం తయారు చేయించుకొని వచ్చిండు. మరిది చాయ్ తెప్పించి ఎదురుంగ కూసోబెట్టిండు. మాట్లాడుతున్నడు గని ఆయన కండ్లు తెర మీద ఉన్నయి. మాట నడుమల ఆగిపోయిండు. ఎంకపల్లి రైతు అడిగిన పత్తి రకం లెక్క ఆయన చూస్తుండంగనే తగ్గింది. మా గుమాస్తా మా ముందరనే ఉన్నడు, గోదాంలోకి ఎవరూ పోలేదు.

మరిది మొయినాబాద్‌కు ఫోన్ చేసిండు.

‘ఎవరు తీసిండ్రు?’

‘నేనే చిన్నమామా. చిల్కూరు రైతుకు బిల్లు కొట్టిన. రేపు పొద్దుగాల వస్తడు. సాయంత్రం బండిల పంపుండ్రి. ఆయన పేరు మీద విడిగ కట్టుండ్రి, మిగతా వాటిల కలపకుండ్రి.’

‘కలుపం తియ్యి.’

ఫోన్ పెట్టి ప్లాట్లాయన దిక్కు తిరిగిండు.

‘ఆ దుకాణం ఖాళీ లేదయ్యా. అండ్ల మా కోడలు కూసుంటది.’

‘మొన్న ఇస్తనంటిరి గదా సేటు?’

‘మొన్న అన్న. ఇయ్యాల గాదంటున్న. చాయ్ తాగు, సల్లగైతది.’

ఆయనను అట్లనే కూసోబెట్టి మరిది లేచిండు. గుమాస్తాను పిలువలేదు. గోదాంలోకి తానే పోయి, చిల్కూరు రైతు పొట్లాలు లెక్కబెట్టి సంచిలో వేసుకుంట, విడిగ కట్టనీకె దారం ఏడున్నదని నన్ను అడిగిండు.